పాత కారుకు వెడల్పు చక్రాలు

కుటుంబ ప్రార్థనను గురించి, పిల్లల పెంపకమును గురించి చదువుకునే ఈ పేజీలో కారు చక్రాల సంగతి ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చును. అయితే గడచిన కొన్ని సంవత్సరాలలో మా ఇంట్లో జరిగిన సంభాషణలలో ఎక్కువ భాగం ఈ చక్రాలను గురించినవే. మాతో మాటలు మానివేసిన కుమారుడు తిరిగి నోరు విప్పినది కూడా వీటి మూలముగానే. అందుచేత వ్రాస్తున్నాము. లెక్కలు కొంచెం ఎక్కువగానే ఉంటాయి. ట్రాక్టరు నడిపే మన సహోదరులకు అవి కష్టమనిపించవు.

మేము ఉండేది ఇంగ్లండు దేశపు మధ్యభాగంలో. మా ఊరినుండి కారులో గంటన్నర ప్రయాణం చేస్తే ఆక్స్‌ఫర్డు దగ్గర ఆబింగ్‌డన్ అనే పట్టణం వస్తుంది. ఎం.జి.బి. అనే చిన్న స్పోర్ట్స్ కారును 1962 మొదలుకొని 1980 వరకు అక్కడి కర్మాగారంలోనే తయారుచేశారు. మొత్తం ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఎం.జి. అంటే మోరిస్ గ్యారేజెస్. మన దేశంలో 2019 నుండి అమ్ముతున్న ఎం.జి. కార్లకు ఆ పేరు తప్ప ఆబింగ్‌డన్‌తో సంబంధం లేదు. ఆ పేరు చైనా కంపెనీ చేతికి వెళ్ళింది. కాని పాత ఎం.జి.బి.కి మన అంబాసిడర్‌తో నిజమైన చుట్టరికం ఉన్నది. అంబాసిడర్ అంటే మోరిస్ ఆక్స్‌ఫర్డు కారే గదా. చాలా కాలం దానిలో ఉన్నది బి-సిరీస్ అనే ఇంజను, 1489 సి.సి.ది. ఎం.జి.బి.లో ఉన్నది అదే కుటుంబానికి చెందిన 1798 సి.సి. ఇంజను. అందుకే ఆ కారు స్టార్టు చేసినప్పుడు మాకు బస్టాండు ఎదుట టాక్సీలు నిలిచి ఉన్నట్టుగా వినిపిస్తుంది. మా అబ్బాయికి ఈ మాట బొత్తిగా నచ్చదు.

ఈ కారు మేము కొన్నది కాదు. మా సంఘపు పెద్దలలో ఒకాయన మా పక్కింటివారు. 1971లో తయారైన ఎం.జి.బి.ని నలభై ఏండ్లకు పైగా ఉంచుకున్నారు. మా అబ్బాయి బడికి వెళ్ళే రోజులనుండి శనివారం వచ్చిందంటే ఆయన షెడ్డులో స్పానర్లు అందిస్తూ ఉండేవాడు. 2021లో ఆయన ప్రభువునందు నిద్రించారు. పిల్లలు దూరదేశంలో ఉన్నారు. ఆయన భార్యను మేము ఆంటీ అని పిలుస్తాము. ఆమె కారు తాళం తెచ్చి మా అబ్బాయి చేతిలో పెట్టారు. కాగితం మీద షరతు ఏమీ లేదు. ఎండ కాసే ఆదివారాన మందిరం వరకు తానే దానిని నడుపుకుంటూ వెళ్ళాలని ఆమెకు ఆశ. అప్పుడు ఆమె వయస్సు 75. చేతివేళ్ళ కీళ్ళు కొంచెం వాచి ఉంటాయి.

ఆ తరువాతి సంవత్సరం మా అబ్బాయి పనిచేసే కర్మాగారం మూతపడింది. వాడు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఎనిమిది నెలలు. మందిరానికి రావడం మానివేశాడు. అన్నం పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళేవారము. మేము కన్నీటితో ప్రార్థించిన సంగతి వేరే చెప్పనక్కర లేదు. మీలో ఎందరో తలిదండ్రులు అలాంటి గుమ్మం ముందు నిలబడినవారే. 2023 వసంతంలో ఒక ఉదయాన షెడ్డులో జాకీ చప్పుడు వినబడింది. మేము కిటికీ దగ్గరకు కూడా వెళ్ళలేదు. మమ్మును చూచి లోపలికి వెళ్ళిపోతాడేమోనని భయం.

ఇట్లు మొదలైనది ఈ చక్రాల వ్యవహారం.

కారుకు ఉన్న టైర్లు ఎలాగూ మార్చవలసినవే. వాటి గాడులు ఇంకా లోతుగా ఉన్నవి, చూపుకు కొత్తవానివలె ఉన్నవి, గాని పక్క గోడలపై సన్నని బీటలు. టైరు గోడమీద నాలుగు అంకెలు అచ్చువేసి ఉంటాయి. మొదటి రెండు వారము, తరువాతి రెండు సంవత్సరము. మా టైర్ల మీద 3205 అని ఉన్నది. అనగా 2005వ సంవత్సరం 32వ వారంలో తయారైనవి. పాత కార్లు తక్కువగా తిరుగుతాయి గనుక టైరు అరగక ముందే రబ్బరు ముసలిదైపోతుంది. మీ ఇండ్లలో పండుగకు మాత్రమే బయటికి తీసే మోటారు సైకిలు ఉన్నయెడల ఈ నాలుగు అంకెలు ఒకసారి చూడండి.

అబ్బాయి పాతవాటి కొలతకే కొత్తవి కొంటాడని మేము అనుకున్నాము. వాడు ఫోనులో బొమ్మ చూపించాడు. ఏడంగుళాల వెడల్పుగల, పదిహేనంగుళాల అల్లాయ్ చక్రాలు, వాటిపై 205 టైర్లు. కారు నేలకు అతుక్కొని చిరుతపులివలె ఉన్నది. "నాన్నా, అమ్మా, ఇది చూడండి" అన్నాడు. ఎనిమిది నెలల తరువాత వాడు మమ్మును పిలిచి ఒకటి చూపించడం అదే మొదలు.

మాలో ఒకరు వెంటనే వద్దన్నారు. వానలు కురిసే దేశం, రాత్రివేళలు, యౌవనస్థుడు. మరొకరు "వద్దు అనకండి, ఆ తలుపు మళ్ళీ మూసుకుంటే తెరవగలమా?" అన్నారు. ఎవరు ఏది అన్నారో ఇక్కడ వ్రాయము. ఆ రాత్రి చాలాసేపు మెల్లగా వాదించుకున్నాము, గోడ అవతల వాడు వింటాడేమోనని. చివరకు ఒక మాట మీదికి వచ్చాము. ఔనని గాని కాదని గాని చెప్పక, కొలుద్దాము రమ్మని వాడిని పిలవాలి. గోపురం కట్టదలచినవాడు ముందుగా ఖర్చు లెక్క చూసుకోవాలన్న ఉపమానం మనమందరం విన్నదే.

టైరు మీది అంకెలు చదవడం మొదట నేర్చుకున్నాము. 185/70 ఆర్ 14 అంటే 185 మిల్లీమీటర్ల వెడల్పు. దాని పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 70 వంతులు. రిమ్ము అడ్డుకొలత 14 అంగుళాలు. ఆర్ అంటే రేడియల్. ఆ కాలపు ఎం.జి.బి.లకు కంపెనీ ఇచ్చినవి 155 లేక 165 వెడల్పు టైర్లు. మా కారుకు 165 ఉండేవి. వెడల్పు తరహా రానప్పటి టైర్లకు గోడ ఎత్తు నూటికి 80 అని వేసుకోవాలి. రెండు గోడలూ రిమ్మూ కూడితే చక్రం మొత్తం ఎత్తు 620 మిల్లీమీటర్లు. వాడు కోరిన 205/50 ఆర్ 15కు లెక్కవేస్తే 586 వచ్చింది. చక్రం చిన్నదైతే అంతే దూరానికి ఎక్కువ చుట్లు తిరగాలి. స్పీడోమీటరు చుట్లనే లెక్కపెడుతుంది గనుక ముల్లు 60 చూపినప్పుడు నిజానికి 57 మైళ్ళు కూడా ఉండదు. ఇంజను కూడా అంత ఎక్కువగా తిరుగుతుంది. కారు కడుపు నేలకు 17 మిల్లీమీటర్లు దగ్గరవుతుంది. ఇవి అంత పెద్ద ఆటంకాలు కావని వాడన్నాడు. నిజమే, ఇవి అంత పెద్దవి కావు.

పెద్దది వెడల్పే. వెడల్పు టైరు నేలను ఎక్కువగా పట్టుకుంటుందని అందరూ అంటారు. మేము దీనిని వంటగది బల్లమీద కాగితం పరచి చూచాము. కారు, ఇద్దరు మనుషులు కలిపి 1060 కిలోల బరువు. ఒక్కొక్క చక్రం మీద సుమారు 265 కిలోలు. టైరులో గాలి 24 పౌండ్లు అనుకుంటే, అది చదరపు సెంటీమీటరుకు 1.7 కిలోలు మోస్తుంది. 265ను 1.7తో భాగిస్తే 150 చదరపు సెంటీమీటర్లు దాటి కొంచెం. మన పోస్టుకార్డు కంటే కాస్త పెద్దది, అంతే. కారు మొత్తం నేలను తాకేది అలాంటి నాలుగు కార్డుల మీద. టైరు వెడల్పైనా సన్ననిదైనా, గాలీ బరువూ మారకపోతే ఈ వైశాల్యం దాదాపు మారదు. మారేది దాని ఆకారం. సన్నని టైరుకు కార్డు నిలువుగా ఉంటుంది. వెడల్పు టైరుకు అడ్డంగా. అడ్డంగా ఉన్న కార్డు మలుపులో గట్టిగా నిలబడుతుంది. ఆ మేరకు లోకులు చెప్పేది నిజమే. గాని రోడ్డుమీద నీళ్ళు నిలిచినప్పుడు అడ్డంగా ఉన్న కార్డు ఎక్కువ నీటిని పక్కలకు తోసివేయాలి. తోయలేనప్పుడు టైరు నీటిమీదికి ఎక్కి తేలుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా కారు వినదు.

మన పొలాల్లో దీనికి కొంత తిరకాసుగా ఉంటుంది. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు వెడల్పైన ఇనుప కేజీ వీల్స్ వేస్తాము, బురదలో దిగబడకుండా. అక్కడ నేల మెత్తన; వెడల్పు మేలు చేస్తుంది. తారు రోడ్డు మీద నేల గట్టిది, నీళ్ళు పైన ఉంటాయి. ఒకచోట మేలైనది మరొకచోట మేలు కానక్కర లేదు. మా నాయనగారి కాలంలో మా ఊరికి మొదటి టైరు బండి వచ్చినప్పుడు ఎడ్లకు ఎంత సుఖమైనదో ముసలివారు చెప్పుకునేవారు. ఇనుప పట్టా చక్రం బాటను కోసుకుంటూ పోయేది. రబ్బరు టైరు దానిమీద పరుచుకొని పోయింది. గాలి టైరును 1888లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడు డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం చేశాడు. అంతకు ముందే 1845లో థామ్సన్ అనే స్కాట్లండువాడు అలాంటిదానికి పేటెంటు తీసుకున్నా, అది నిలబడలేదు. కొడుకు కుదుపులు పడకూడదని తండ్రి చేసిన వస్తువు అది. ఈ మాట మా అబ్బాయికి చెప్పలేదు గాని చెప్పాలనిపించింది.

మరొక సంగతి స్టీరింగు. ఎం.జి.బి.కి పవర్ స్టీరింగు లేదు. ముందు చక్రం కింగ్‌పిన్ అనే ఇనుప కడ్డీ చుట్టూ తిరుగుతుంది. తలుపుకు బందువంటిది అది. తలుపును బందు దగ్గర ఎవరైనా గుద్దితే అంతగా కదలదు; అంచు దగ్గర గుద్దితే విసురుగా తిరుగుతుంది. చక్రం బయటికి జరిగినకొద్దీ నేలను తాకేచోటు ఆ బందుకు దూరమవుతుంది. గుంతలో పడిన ప్రతి దెబ్బా చేతిలోని స్టీరింగును గుంజుతుంది. కారు ఆగి ఉన్నప్పుడు తిప్పడం మరీ కష్టం. బేరింగుల మీద కూడా భారం పెరుగుతుంది. ఇరుసు కొసకు చక్రం జరిగిన బండి ఏమవుతుందో మీకు తెలుసును. ఆ కింగ్‌పిన్‌లకు ప్రతి మూడు వేల మైళ్ళకు గ్రీజు కొట్టాలి. కొట్టకపోతే అరిగిపోయి, ఏ చక్రం వేసినా కారు తిన్నగా పోదు. పక్కింటి ఆయన ఈ పని ఎన్నడూ తప్పలేదు.

ఇవన్నీ విని అబ్బాయి ఒక టైర్ల దుకాణానికి వెళ్ళివచ్చాడు. అక్కడివారు 205 నిక్షేపంగా పడుతుందనీ, వెనుక మడ్‌గార్డు లోపలి అంచును సుత్తితో కొట్టి మడిచివేస్తే చాలుననీ చెప్పారట. కారును చూడనైనా లేదు. ఈ దేశంలో చలికాలం రోడ్లమీద ఉప్పు చల్లుతారు. మడిచిన అంచులో రంగు పగిలి, ఆ పగులులో ఉప్పునీరు చేరితే రెండు మూడేండ్లలో రేకు పొరలు పొరలుగా ఊడి వస్తుంది. పాత ఎం.జి.బి.లు ఇంజను పాడై పోయినవాటికంటె తుప్పుపట్టి పోయినవే ఎక్కువ. పాత బట్టకు కొత్త మాసిక వేసినవాని సంగతి మాకు జ్ఞాపకం వచ్చింది. మా పాస్టరుగారు ఈ గొడవంతా విని నవ్వుతూ, "మీది ఇరుకు మార్గమా, విశాల మార్గమా?" అని అడిగారు. దానిని ఆత్మీయ పాఠంగా చేయాలని మాకు లేదు. టైరు టైరే.

కొలిచిన రోజు శనివారం. కారు ఖాళీగా ఉన్నప్పుడు కొలిస్తే ప్రయోజనం లేదు. బరువు పడి వెనుక కమాన్ పట్టీలు దిగినప్పుడు కొలవాలి. మన సరుకుల దుకాణంనుండి తెచ్చిన ఇరవై కిలోల బియ్యం మూటలు ఇంట్లో నాలుగు ఉన్నాయి, తెలుగు సహవాసపు విందుకోసం తెచ్చినవి. నాలుగూ డిక్కీలో వేశాము. మేమిద్దరం ముందు సీట్లలో కూర్చున్నాము. అబ్బాయి నేలమీద పడుకొని, టైరు గోడకూ మడ్‌గార్డు అంచుకూ నడుమ సందు కొలిచాడు. కుడివైపు 30 మిల్లీమీటర్లు. ఎడమవైపు 21. ఒకే కారులో రెండు వైపులా ఒకేవిధంగా లేదు! చేతితో అతికిన కాలపు కార్లు అలాగే ఉంటాయి కాబోలు. తక్కువ ఉన్నవైపే లెక్క.

మాకున్న 165 టైరు ఐదంగుళాల రిమ్ము మీద సుమారు 172 మిల్లీమీటర్ల మేర ఉబ్బి ఉన్నది. 205 టైరు ఏడంగుళాల రిమ్ము మీద 219 వరకు ఉబ్బుతుంది. తేడా 47, చక్రం మధ్యగీత కదలకపోతే ఒక్కొక్క పక్కకు 23 చిల్లర. ఎడమవైపు సందు 21. అనగా కారు కదలకుండా నిలబడి ఉండగానే టైరు రేకును తాకుతుంది. ఇక మలుపులో కమాన్ పట్టీలు పక్కకు ఒరిగితే చెప్పేదేమున్నది? చక్రాన్ని లోపలికి జరుపుదామంటే అక్కడ ఆ పట్టీలే అడ్డు. అబ్బాయి నేలమీద అలాగే పడుకొని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సీట్లో కూర్చున్న మాకు గుండె దడదడలాడింది. వాడు లేచి చేతులు తుడుచుకొని లోపలికి పోతాడని, మళ్ళీ ఆ తలుపు చప్పుడు వినవలసి వస్తుందని.

వాడు లేవలేదు. "185 అయితే?" అన్నాడు.

185/70 ఆర్ 14, ఐదున్నర అంగుళాల రిమ్ము మీద. టైరు 189 వరకు ఉబ్బుతుంది. ఒక్కొక్క పక్కకు తొమ్మిది కంటే తక్కువే పెరుగుతుంది. ఎడమవైపు ఇంకా 12 మిల్లీమీటర్లు మిగులుతుంది. మొత్తం ఎత్తు 615. పాతదానికి ఐదే తేడా, స్పీడోమీటరు ఉన్నట్టే ఉంటుంది. లెక్క కుదిరింది గాని వాడి ముఖం మాత్రం వెలగలేదు. బొమ్మలోని చిరుతపులి ఎక్కడ, ఇది ఎక్కడ? ఆ సాయంత్రం పాత కొలతే వేసేస్తాననీ, అసలు ఈ కారే వద్దనీ కూడా అన్నాడు.

వాడి మనస్సు మార్చినది మేము కాదు. పక్కింటి ఆయన కారు కోసం ఒక నోటు పుస్తకం వ్రాసేవారు. గ్రీజు కొట్టిన తేదీ, నూనె మార్చిన తేదీ, మైళ్ళు, అన్నీ సన్నని పెన్సిలు అక్షరాలతో. అబ్బాయి పాత టైర్లు ఎప్పుడు వేశారో చూద్దామని దానిని తిరగవేస్తుండగా 1978వ సంవత్సరపు పేజీ కనబడింది. ఆ మార్చి నెలలో ఆయన ఆరంగుళాల వెడల్పు చక్రాలు కొని బిగించారు. జూలైలో తీసివేశారు. కారణం అని ఉన్నచోట భార్య పేరు మొదటి అక్షరం, పక్కన స్టీరింగు బరువు అని మాత్రం వ్రాసుకున్నారు.

వాడు పుస్తకం పట్టుకొని ఆంటీ దగ్గరకు వెళ్ళాడు. మేమూ వెళ్ళాము. ఆమె ఆ పేజీని చేత్తో తడిమి నవ్వారు. అప్పుడామె ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీలకు ఈ కారులోనే వెళ్ళేవారు. ఆ సంవత్సరం పెద్ద కూతురు కడుపులో ఉన్నది. ఆసుపత్రి ఆవరణలో కారు వెనక్కు తిప్పి నిలపడానికి రెండు చేతులతో గుంజవలసి వచ్చేదట. ఆమె భర్తకు ఒక్క మాటైనా చెప్పలేదు. ఆ చక్రాలంటే ఆయనకు ఎంత సంబరమో ఎరుగును. ఒక శనివారం లేచి చూస్తే పాత చక్రాలు కారుకు తిరిగి వచ్చి ఉన్నాయి. ఆయనా ఏమీ చెప్పలేదు. "నేను ఫిర్యాదు చేయలేదే, ఆయనకెలా తెలిసిందో" అని ఆమె ఇప్పటికీ అనుకుంటారట. కారణం పుస్తకంలో వ్రాసి ఉన్నదని ఆమెకు ఆ రోజు వరకు తెలియదు. మా అబ్బాయి ఆమె చేతివేళ్ళవైపు చూచి, కళ్ళు దించుకున్నాడు.

అక్టోబరు నెలలో 185 టైర్లు వచ్చాయి. చక్రాలు ఎనిమిది ఆకులవి, 1960లలో పందెపు మినీ కార్ల మీద పేరు పొందిన తరహా. పాత ఇనుప చక్రాల నట్లు అల్లాయ్ చక్రాలకు పనికిరావు. వాటి ఆకారం వేరు, పట్టినట్టే ఉండి వదులవుతాయి. చక్రాలతో వచ్చిన నట్లే వాడాలి. ఐగుప్తీయుల రథచక్రాలు ఊడిన సంగతి మాలో ఒకరు ఎత్తగా అబ్బాయి నవ్వాడు. చక్రాలు, టైర్లు, బిగింపు అన్నీ కలిపి వెయ్యి పౌండ్లకు దగ్గర. సగం వాడు పాత పరికరాలు అమ్మి తెచ్చుకున్నాడు, మిగతాది నెలవారీగా మాకు తీర్చుతున్నాడు. ఇన్సూరెన్సు కంపెనీకి ముందుగానే ఫోను చేసి మార్పు చెప్పించాము. ప్రీమియం కొద్దిగా పెరిగింది. చెప్పకుండా ఉంచి, ప్రమాదం జరిగిన తరువాత వారు డబ్బు ఇవ్వకపోతే ఎవరినీ అనుకోవడానికి ఉండదు. టైరు మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకు వస్తే ఇక్కడ చట్టానికి విరోధం. నలభై ఏండ్లు దాటిన కార్లను ఏటేటా పరీక్ష చేయించనక్కర లేదని 2018లో నియమం మార్చారు గాని, మేము పట్టుబట్టి చేయించాము. మన దేశంలోనైతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కిందికి వస్తుంది. ఊళ్ళో కుర్రవాళ్ళు జీపులకు వెడల్పు టైర్లు వేయించే ముందు ఆర్.టి.ఓ. ఆఫీసులో అడగడం మంచిది.

మొదట నడిపినది ఆంటీ. అబ్బాయే పట్టుపట్టాడు, ఆమెకు బరువనిపిస్తే పాత రిమ్ములకే 165 టైర్లు కొంటానన్నాడు. వీధి చివర ఖాళీ స్థలంలో ఆమె కారును ముందుకు, వెనక్కు, ఎడమకు, కుడికి తిప్పారు. మేము గేటు దగ్గర నిలబడి ఉన్నాము. వాడు ఆమె పక్క సీట్లో కూర్చొని ఆమె ముఖం కాక చేతులనే చూస్తున్నాడు. పాతదానికంటె కొంచెం బరువేననీ, మునుపు 1978లో ఉన్నంత కాదనీ, తన చేతులు దీనిని తిప్పగలవనీ ఆమె చెప్పారు. యాభై మైళ్ళు తిరిగిన తరువాత నట్లన్నీ మరల బిగించారు. ఎడమ మడ్‌గార్డు అంచుకు అబ్బాయి సుద్దముక్కతో గీత రాసి పెట్టాడు, టైరు రాసుకుంటే తెలిసేలా. నెల తరువాత చూచినా సుద్ద చెరగలేదు.

వానలో కారు ఎలా ఉన్నదని మేము అడిగాము. మలుపుల్లో మునుపటికంటె నిలకడగా ఉన్నదనీ, నీళ్ళు నిలిచినచోట మాత్రం వేగం తగ్గిస్తున్నాననీ అన్నాడు. మాకు అంతకంటె ఏమి కావాలి?

ఇప్పుడు వాడు పాత కార్లు బాగుచేసే చిన్న షెడ్డులో పనిలో ఉన్నాడు. ఎండ ఉన్న ఆదివారాన ఆంటీ కారు నడుపుతారు, వాడు పక్కన కూర్చుంటాడు. కొన్ని ఆదివారాలు లోపలికి వచ్చి చివరి వరుసలో కూర్చుంటాడు. కొన్ని ఆదివారాలు బయట కారులోనే ఉండిపోతాడు. మేము అడగము. నోటు పుస్తకంలో ఇప్పుడు నీలిసిరా అక్షరాలు కూడా ఉన్నాయి. మొన్న కింగ్‌పిన్‌లకు గ్రీజు కొట్టిన తేదీ వ్రాసి ఉండగా చూచాము.

తీసివేసిన పాత రిమ్ములు నాలుగు. వాటిలో ఒకటి ఆంటీ అడిగి తీసుకొని, తోటకు నీళ్ళు పెట్టే గొట్టం చుట్టుకోవడానికి గోడకు బిగించమన్నారు. అబ్బాయి బిగించి వచ్చాడు. మిగతా మూడు మా షెడ్డులో గోనెపట్టా కింద ఉన్నాయి.